నిలబడని రోకలి

లాక్‌డౌన్‌లో కడుపు నిండినవాళ్ళకు పొద్దు గడవడం కష్టమైంది. కొందరు రొట్టెలు కాల్చడం నేర్చుకున్నారు. కొందరు మేడెక్కి ఆకాశం చూశారు. సూరత్‌లో ఉన్న తెలుగువాళ్ళు కొందరు ఫోన్లో ఒక గుంపు పెట్టుకుని దానికి అక్కడి నది పేరు కలిపి ‘తాపీ తారామిత్రులు’ అని పేరు పెట్టారు. హజీరా ఫ్యాక్టరీల ఇంజనీర్లే ఎక్కువ అందులో. ప్రతి ఆదివారం ఒకరు తమ టెలిస్కోపును వీడియోలో చూపించాలి. చూపించడమంటే కొత్త కారు కొన్నవాడు బానెట్ ఎత్తి చూపించినట్టే. ఇది మోటారు, ఇది కెమెరా, కెమెరా వేడెక్కకుండా ఈ ఫ్యాను, ఇది జర్మనీ గాజు. ఒకాయన వైర్లు కట్టిన ప్లాస్టిక్ పట్టీలను కూడా విడివిడిగా చూపించాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఆ గుంపులో ఒకే ఒక్క జాబర్ ఉన్నాడు. జాబర్ అంటే సాంచా చెడిపోతే బాగుచేసేవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. పేరు కమలాకర్, ఊరు వేములవాడ పక్కన, ఉండేది సూరత్ శివారు బమ్రోలిలో. కింద సాంచాల ఖాతా, అంటే అవి నడిచే హాలు, దాని నెత్తిన మేడ, మేడ మీద ఒక రేకుల గది. ఖాతాకు కాపలా కూడా నువ్వే అని శేఠ్ ఆ గది ఇచ్చాడు. అందులో కమలాకర్, భార్య వినోద, తల్లి ఎల్లవ్వ. ఎల్లవ్వ మార్చిలో కొడుకును చూసిపోదామని వచ్చి రైళ్ళు బందై ఇరుక్కుపోయింది.

కమలాకర్ నెమ్మదస్తుడేమీ కాదు. గొప్పలు చెప్పుకోవడంలో ఇంజనీర్లకు ఏ మాత్రం తీసిపోడు. అద్దం పుణె నుంచి తెప్పించాడు. గొట్టం డ్రైనేజీ పైపు. ఫోన్ బిగించే పట్టీ పాత సాంచా సామానుతో చేశాడు. అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది మేడ మీద పోసిన కాంక్రీటు దిమ్మ. కింది నుంచి వచ్చే పిల్లర్ ఇనుప చువ్వలు మేడ మీద బయటికి ఉంటే, వాటినే కలిపి దిమ్మ పోసి, పాత సాంచా చట్రాన్ని దాని మీద బోల్టులతో బిగించి, గొట్టాన్ని దాని మీద కూర్చోబెట్టాడు. “నా దిమ్మను ఏనుగు గుద్దినా కదలదు” అని గుంపులో రాశాడు.

ఏప్రిల్లో ఆ గొట్టంలోంచి తీసిన చంద్రుడి బొమ్మ చూసి ఇంజనీర్లు నోళ్ళు తెరిచారు. గుంతల అంచులు బ్లేడుతో గీసినట్టున్నాయి. సాయంత్రం పడమట వెలిగే శుక్రుణ్ణి కొడవలిలా పట్టి చూపించాడు. హజీరాలో పెద్ద ఇంజనీరు, గుంపును నడిపే భానుప్రకాశ్, “మనందరి మోటార్లూ దండగ, కమలాకర్ చెయ్యే చెయ్యి” అన్నాడు. ఆ మాటను కమలాకర్ ఎంతమందికి పంపాడో లెక్కలేదు.

మే చివరి ఆదివారం అతని వంతు వచ్చింది. దిమ్మ చూపించాడు, పట్టీ చూపించాడు, పైపు కూడా చూపించాడు. సాయంత్రం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. లైవ్‌లో చూపించమన్నారు. ఫోన్ బిగించాడు.

చంద్రుడు వణికాడు. అంచులన్నీ చెదిరిపోయాయి. స్క్రూ తిప్పాడు, ఫోన్ తీసి పెట్టాడు, మళ్ళీ తిప్పాడు. వణుకు పోలేదు.

“ఏవండీ కమలాకర్ గారూ, తప్పుగా అనుకోకండి” అన్నాడు ఆదిశేషయ్య. ఆయన రిటైరైన ఇంజనీరు, గుంటూరు వైపు మనిషి. తప్పుగా అనుకోకండి అన్నాడంటే తప్పుడు మాటే అనబోతున్నాడని అందరికీ తెలుసు. “ఏప్రిల్లో మీరు పెట్టిన చంద్రుణ్ణి నాసావాళ్ళు కూడా మెచ్చుకోవాలి. ఇవాళ అదే గొట్టంలో పెరుగు కనపడుతోందేమిటండీ? ఆ బొమ్మలు ఎక్కడివండీ?”

“నేనే తీసిన సార్!”

“అయితే మళ్ళీ తియ్యండి. వచ్చే నెల ఇరవై ఒకటిన సూర్యగ్రహణం. అదే దిమ్మ, అదే గొట్టం. లైవ్‌లో. చంద్రుడి అంచున కొండల గరుకు కదలకుండా కనపడితే నేనే క్షమాపణ చెబుతాను. కనపడకపోతే దొంగ బొమ్మలు పెట్టినవాళ్ళను గుంపులోంచి తీసేస్తామని మనమే రాసుకున్నాం కదా.”

భానుప్రకాశ్ కాసేపు నసిగాడు. తర్వాత, “చూపిస్తారులెండి, ఆయన చూపిస్తారు” అన్నాడు. తప్పించుకోవడానికి అన్న మాట అది. ఉరి బిగించినట్టే అయింది.

దొంగ. ఆ మాట కమలాకర్‌ను పడుకోనివ్వలేదు, తిననివ్వలేదు. అద్దం ఊడదీసి కడిగాడు. బోల్టులు విప్పి మళ్ళీ బిగించాడు. పట్టీ మార్చాడు. దిమ్మకు ఇంకో పొర సిమెంటు పోశాడు. బొమ్మ ఇంకా వణికింది. గాలి అనుకున్నాడు, వేడి అనుకున్నాడు, అద్దం అమ్మినవాణ్ణి ఫోన్లో తిట్టాడు. పనిలోకి దిగితే స్పానర్ ఎక్కడ పెట్టాడో మరిచిపోతున్నాడు. పైకెక్కితే పట్టుమని ఒకచోట నిలబడలేకపోతున్నాడు.

“నీ కాళ్ళకు చక్రాలున్నయా? కూసో జర” అంది వినోద.

“నన్ను దొంగ అన్నరే.”

“అంటే అన్నరు. ఆళ్ళేమన్న నీకు బువ్వ పెడుతున్నరా?”

ఆ మాటా నిజమే. అయినా నిద్ర పట్టలేదు.

గ్రహణానికి ముందురోజు శనివారం. ఎల్లవ్వ రోకలి కడిగి ఎండలో పెట్టింది. కారం దంచుకోవడానికి ఊరి నుంచి బస్తాలో మోసుకొచ్చిన రోకలి అది.

“ఎందుకవ్వా అది?”

“రేపు గ్రహణం గాదురా. పళ్ళెంల నీళ్ళు పోసి పసుపేసి నిలవెట్టాలె. గ్రహణం పడితే నిలవడ్తది, ఇడిస్తే పడిపోతది.”

కమలాకర్ పగలబడి నవ్వాడు. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. “అవ్వా, అడుగు సాపుగుంటే ఏ రోజైనా నిలవడ్తది. సూర్యునికి దానికి ఏం సంబంధం? ఇప్పుడే నిలవెడ్త చూడు. రేపు లైవ్‌ల గూడ చూపిస్త, మీ మూఢనమ్మకాలన్నీ పోవాలె.”

“పెట్టు మరి. గ్రహణం లేంది ఎట్ల నిలవడ్తదో చూస్త.”

పళ్ళెం పెట్టాడు. నీళ్ళు పోశాడు. రోకలి నిలబెట్టి చేతులు తీశాడు. పడింది. మళ్ళీ పెట్టాడు. పడింది. అడుగున రాయి వేసి రుద్దాడు. పెట్టాడు. ఈసారి రెండు ఊపిరుల సేపు నిలబడి, మెల్లగా ఒకవైపు జరిగి, పళ్ళెం అంచుకు తగిలి దబ్బున పడింది. నీళ్ళు అతని లుంగీ మీద పడ్డాయి.

ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఏం కొడుకా, పొద్దున్నే చదువు చెప్తివి?”

వినోద గదిలోంచి నవ్వింది. కమలాకర్‌కు ఒళ్ళు మండింది. రోకలి మళ్ళీ అందుకోబోయి ఆగాడు. పళ్ళెంలో మిగిలిన పసుపు నీళ్ళ మీద సన్నటి గీతలు పరుగెత్తుతున్నాయి. గాలి లేదు. ఎవరూ తాకలేదు. గీతలు ఆగడం లేదు.

అరచెయ్యి నేల మీద ఆనించాడు. ఏమీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఇరవై ఏళ్ళ వయసులో సూరత్ వచ్చినవాడు సాంచాల నెత్తినే బతికాడు, సాంచాల నెత్తినే పిల్లను తెచ్చుకున్నాడు. లాక్‌డౌన్ మొదలైన రోజు ఖాతా ఆగిపోతే ఆ నిశ్శబ్దానికి మేడ మీద ఒక్కరికీ నిద్ర పట్టలేదు. ఆగినప్పుడు తెలిసింది గానీ, మే చివర్లో మళ్ళీ మొదలైనప్పుడు తెలియలేదు. ఒళ్ళు దాన్ని ఎప్పటిలాగే కలుపుకుంది.

“అవ్వా, నీ కాళ్ళ తిమ్మిరి ఎప్పటిసంది?”

“గా బీపీ గోళీలు తెచ్చినవ్ సూడు, గప్పటిసంది. మే నెలల.”

కాదు. తిమ్మిరి అన్నాకే గోళీలు తెచ్చాడు. సాంచాలు మొదలైనప్పటి నుంచి తిమ్మిరి. కమలాకర్ లేచి దిమ్మ దగ్గరికి పోయాడు. కింది పిల్లర్ చువ్వలను పట్టుకుని తనే పోసిన దిమ్మ. సాంచాల హాలు మధ్యలో నిలబడ్డ పిల్లర్ అది. ఎంత గట్టిగా బిగిస్తే అంత బాగా కింది అదురంతా పైకి తెచ్చి తన అద్దానికి అప్పజెబుతోంది. ఏప్రిల్ బొమ్మల గొప్ప తన చేతిది కాదు. ఖాతా బంద్ ఉండడానిది.

ఆ మాట మింగుడు పడటానికి చాలాసేపు పట్టింది. మింగుడు పడీ పడకముందే రెండో ఆలోచన వచ్చింది. రేపు గ్రహణం సేపు సాంచాలు ఆగితే చాలు.

కింద హాలులో ఇద్దరే పనిచేస్తున్నారు, లింగం, ఆగయ్య. ఒడియావాళ్ళు వాళ్ళ ఊళ్ళకు పోయారు, తిరిగి రాలేదు. వీధిలో మిగతా ఖాతాలకు తాళాలే. సాంచాల హాలులో మాట వినపడదు. పనివాళ్ళు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. మాస్కులు వచ్చాక అదీ పోయింది. కార్పొరేషన్‌వాళ్ళు జరిమానా వేస్తారని శేఠ్ మాస్కు తియ్యనివ్వడు. శేఠ్ మాత్రం ఊరి బయట తోటలో ఉంటాడు, ఫోన్లో నడిపిస్తాడు. కాబట్టి ఏమన్నా మాట్లాడాలంటే మెట్ల దగ్గరికి రావాల్సిందే.

లింగం చెయ్యి ఊపి ఆగయ్యకు తన సాంచాలు అప్పజెప్పి మెట్ల దగ్గరికి వచ్చాడు. కమలాకర్ కంటే పెద్దవాడు. మాట మొనదేలి ఉంటుంది.

“లింగమన్నా, రేపు జరసేపు సాంచాలు ఆపాలె. గ్రహణం నడుమ. ఒక్క పది పదిహేను నిముషాలు.”

“ఎందుకు, పనిముట్లకు గూడ గ్రహణం పడ్తదా?”

కమలాకర్ చెప్పాడు. దిమ్మ, అదురు, ఆదిశేషయ్య, దొంగ అన్న మాట. చెబుతుంటే తనకే చిన్నగా వినపడింది. లింగం మాస్కు గడ్డం కిందికి లాగి చెమట తుడుచుకున్నాడు.

“అంటే మా సాంచాలు నడిస్తే నీ చంద్రుడు వణుకుతడు. బందుంటే సల్లగ నిలవడ్తడు. అంతేనా?”

“అంతే అన్నా.”

“మరి బందున్నప్పుడు మేం వణికినం గదా తమ్మీ. గప్పుడు నీ గొట్టంల ఎవడన్న చూసిండా?”

కమలాకర్ తల వంచుకున్నాడు. ఏప్రిల్లో వీళ్ళిద్దరూ కిచిడీ బండి కోసం ఎండలో పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. నడిచి పోదామని బయల్దేరి జిల్లా దాటకముందే పోలీసుల దెబ్బలు తిని తిరిగొచ్చారు. ఒక సాయంత్రం లింగం పైకొచ్చి శుక్రుణ్ణి చూసి, “కత్తిరించి పడేసిన గోరు లెక్కున్నది” అని దిగిపోయాడు. కమలాకర్ ఆ మాటను గుంపులో పెట్టి నవ్వించాడు.

“మీటరు లెక్కన కూలి. సాంచా ఆగితే నాకెవడియ్యడు. ఇంట్ల పిల్లలు పైసల కోసం చూస్తున్నరు” అన్నాడు లింగం. “అయినా మెయిన్ స్విచ్ తాళం నీ జేబులనే ఉన్నది గద. గుంజు. కరెంటు పోయిందనుకుంటం. శేఠ్‌కు గూడ గదే చెప్పు.”

“గట్లెట్ల చేస్తనన్నా?”

“మరి నన్నెందుకు అడుగుతున్నవ్?” లింగం మాస్కు పైకి లాక్కుని చప్పుడులోకి వెళ్ళిపోయాడు.

ఆ తాళం చెవి రాత్రంతా కమలాకర్ తొడకు గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున ఆకాశం నిండా మబ్బు. అప్పుడప్పుడు చిరుగు పడి ఎండ కారుతోంది. గొట్టం మూతికి భానుప్రకాశ్ అందరికీ పంపిన నల్లటి రేకు తొడిగి ఉంది. అది లేకుండా చూస్తే కళ్ళు పోతాయి. వినోద గొట్టం పక్కన నిలబడింది. ఎల్లవ్వ పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి రోకలి నిలబెడుతోంది, పడుతోంది, మళ్ళీ నిలబెడుతోంది. “గ్రహణం ఇంకా గట్టిగ పట్టలే” అంటోంది ప్రతిసారీ.

గుంపులో అందరి మేడలూ చిన్న చిన్న గళ్ళలో కనపడుతున్నాయి. భానుప్రకాశ్ గడిలో సూర్యుడు కొరికిన అరిసెలా నిలకడగా ఉన్నాడు. “బమ్రోలి! కమలాకర్ గారూ, మీ వంతు” అన్నాడు.

మబ్బు విడింది. కమలాకర్ ఫోన్ బిగించాడు. ముప్పావు భాగం పోయిన సూర్యుడు తెర మీదికి వచ్చాడు.

వణికాడు.

“పెరుగు పెరుగే” అన్నాడు ఆదిశేషయ్య. ఎవరో కిసుక్కుమన్నారు. “ఏవండీ, ఇక ఒప్పేసుకోండి. తప్పేం లేదు. అందరం మనుషులమే.”

కమలాకర్ చెయ్యి జేబులోకి పోయింది. తాళం చెవి దొరికింది. మెట్లు, తలుపు, డబ్బా, ఒక్క గుంజు. అరనిముషం పని. ఈ నవ్వు నోట్లోనే చస్తుంది.

వెనక రోకలి దబ్బున పడింది.

కమలాకర్ తాళం చెవిని వదిలేసి ఫోన్‌ను పట్టీలోంచి పీకాడు. ఫోన్ రోకలి వైపు తిప్పాడు.

“అవ్వా, మల్ల పెట్టు. సార్లూ, ఇది చూడున్రి.”

ఎల్లవ్వకు ఫోన్లో ఎవరు చూస్తున్నారో తెలియదు. కొంగు సర్దుకుని రోకలి పెట్టింది. పడింది.

“ఏమిటండీ ఇది, మూఢనమ్మకాల కార్యక్రమమా?” అన్నాడు ఆదిశేషయ్య.

“గా నీళ్ళను చూడున్రి సార్! అదురుతున్నయ్ చూడున్రి. నా సెటప్ మొత్తం మీకు చూపియ్యలే. కింద ఇంకింత ఉన్నది. రండి చూపిస్త.”

మెట్లు దూకుతూ దిగాడు. హాలు తలుపు తోశాడు. చప్పుడు మీద పడింది. వరుసగా సాంచాలు, గాలిలో దూది, మధ్యలో ఆ పిల్లర్. ఫోన్ ఎత్తి పట్టుకుని అరిచాడు. ఇదీ నా దిమ్మ అడుగు, ఏప్రిల్లో ఇవన్నీ బంద్, అందుకే నా చంద్రుడు కదల్లేదు అని గొంతు చిరిగేలా అరిచాడు. అతని అరుపు అతనికే వినపడలేదు. తెర మీద చిన్న గళ్ళలో ఇంజనీర్లు చెవులు మూసుకుంటున్నారు. ఒకాయన మైకు ఆపమని చేత్తో సైగ చేస్తున్నాడు. అందరి పెదవులూ కదులుతున్నాయి. ఒక్క మాట లేదు.

లింగం వచ్చాడు. ఏంది అన్నట్టు చెయ్యి తిప్పాడు. కమలాకర్ మాస్కు కిందికి లాగి పెదవులతో చెప్పాడు: నిన్న చెప్పిన సార్లు. నీ సాంచాలు చూపిస్తున్న.

లింగం ఫోన్లోకి వంగి ఆ మొహాలను ఒక్కొక్కటే చూశాడు. సంతలో ఎడ్లను చూసినట్టు చూశాడు. తర్వాత తిరిగి సాంచాల వరుసలోకి నడిచాడు. మొదటి సాంచా హ్యాండిల్ కొట్టి ఆపాడు. రెండోది. మూడోది. కమలాకర్ నోరు తెరిచి నిలబడ్డాడు. అవతలి వరుసలో ఆగయ్య ఇటు చూసి, ఏం అర్థమైందో గానీ, తనవీ ఆపడం మొదలుపెట్టాడు. చప్పుడు పలచబడింది. ఒక్కటి మిగిలింది. అదీ ఆగింది.

చెవుల్లో హోరు. ఎక్కడో పిచ్చుక.

“ఇటియ్యి” అని లింగం ఫోన్ లాక్కున్నాడు. మాస్కు తీశాడు. “నమస్తే సార్లు. నా పేరు లింగం, సాంచా నడిపిస్త. వీడు నిన్న నన్ను సాంచా ఆపుమన్నడు, వీని సూర్యుని కోసం. ఆపలే. ఇప్పుడు నా మాట కోసం ఆపిన, మీకు ఇనవడాలె గదా అని. వీడు దొంగ గాదు. బడాయి చెప్తడు గని దొంగతనం రాదు వీనికి. ఏప్రిల్‌ల ఖాతా బందున్నది, బిల్డింగు అదరలే, గందుకే మంచిగొచ్చినయ్ బొమ్మలు. గా బొమ్మలు తీసిన పొద్దు మేం కింద ఉపాసమున్నం. అవి మీరు చూసి మెచ్చుకున్నరట. మంచిది. మల్ల గసుంటి బొమ్మలు కావాల్నంటే మల్ల మమ్ముల ఉపాసముంచాలె. గదే సంగతి.”

భానుప్రకాశ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆదిశేషయ్య గొంతు సవరించుకుని, “అదీ... లింగం గారూ, శాస్త్రీయంగా చూస్తే కంపనం అనేది...” అన్నాడు.

“గది మీరు చూసుకోన్రి సార్. పనున్నది.”

అప్పుడే పైనుంచి ఎల్లవ్వ కేక. “నిలవడ్డది! ఒరేయ్, నిలవడ్డది రోకలి! గ్రహణం పట్టింది!”

వెంటనే వినోద అరిచింది. “రావయ్యా, ఉరికి రా! కదుల్తలేదు! అంచుకు కొండలు కనవడుతున్నయ్, రంపం పండ్లోలె ఉన్నయ్!”

కమలాకర్ ఒళ్ళంతా మెట్ల వైపు లాగింది. ఫోన్ ఉంది, సూర్యుడున్నాడు, మబ్బు లేదు, ఖాతా నిశ్శబ్దంగా ఉంది. పైకి ఉరికి బిగిస్తే చాలు. ఆదిశేషయ్య క్షమాపణ చెప్పి తీరాలి.

లింగం ఫోన్ అతని చేతిలో పెట్టి, “ఉరుకు” అన్నాడు. “ఇంకేం చూస్తున్నవ్? నువ్వు తీసుకునేదాంక ఆపుత. మా లెక్కల రాసుకో.”

వెటకారమో నిజమో మొహం చూస్తే తెలియలేదు. అవతల ఆగయ్య ఆగిన సాంచా మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ముసలాయన. బందున్న రెండు నెలలూ అలాగే నిలబడ్డాడు, సాంచా దగ్గర కాదు, కిచిడీ బండి దగ్గర.

కమలాకర్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. పక్కనున్న సాంచా హ్యాండిల్ తనే కొట్టాడు. అది అందుకుంది. ఇంకోటి కొట్టాడు. లింగం కాసేపు చూసి అటు చివర నుంచి మొదలుపెట్టాడు. చప్పుడు మళ్ళీ కప్పేసింది. జేబులో ఫోన్‌లోంచి ఎవరో ఏదో అంటూనే ఉన్నారు. ఆదిశేషయ్య క్షమాపణే చెబుతున్నాడో, కంపనం గురించి చెబుతున్నాడో, ఆ హోరులో ఎవరికి వినపడుతుంది?

పైకెక్కేసరికి రోకలి పడి ఉంది. ఎల్లవ్వ పళ్ళెం నీళ్ళు పారబోస్తోంది.

“ఇడిసింది కొడుకా. ఇగ తానాలు చేసి పొయ్యి ముట్టియ్యాలె. చూసినవా మరి, గ్రహణం పట్టినంక నిలవడ్డది, ఇడువంగనే పడ్డది. నువ్వు నన్ను నవ్వితివి.”

“ఇడవలేదవ్వా. ఇంకా ఉన్నది. రోకలి నిలవడ్డది సాంచాలు ఆగినయని.”

“సాంచాలను ఆపిందేంది మరి? గ్రహణమే గదా!”

వినోద కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “నేను చూసిన. ఒక్కదాన్నే చూసిన. నీకు చూపియ్యనీకె ఏం లేదు ఇగ” అంది.

కమలాకర్ నిలబడలేక నాలుగు అడుగులు అటు, నాలుగు అడుగులు ఇటు నడిచాడు. జేబులో ఫోన్ బుర్రుమంటూనే ఉంది. తియ్యలేదు. తల్లిని చెయ్యి పట్టుకుని గొట్టం దగ్గరికి తెచ్చాడు.

“నువ్వే చూడు. ఇంకా కొరికే ఉన్నది.”

ఎల్లవ్వ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. కొంగుతో కన్ను తుడుచుకుని మళ్ళీ చూసింది.

“ఉన్నది నిజమే. గని గిట్ల వణుకుతుండేందిరా?” అంది. “నాకంటే బీపీ ఉన్నది. గాయనకేమైంది?”